ప్యాంటు తొడుక్కున్న కంప్యూటర్

పాతికేళ్ళకు పైగా కంప్యూటర్లు బాగుచేసి, పోయిన ఏడాది ఒక కాలేజీ ల్యాబులో పని చాలించుకున్నాను. వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్ గారు నన్ను "ఎన్నో యంత్రాలకు ప్రాణం పోసిన మనిషి" అన్నారు. ముందు వరసలో కూర్చున్న మా ఆవిడ గట్టిగా దగ్గింది. నేను ప్రాణం తీసిన యంత్రాల సంగతి కూడా ఆమెకు తెలుసు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం వాటిలో ఒకదాని కథ రాస్తున్నాను. ఆ రోజు పాడయింది యంత్రం ఒక్కటే అయితే ఇంత కాగితం ఖర్చు చేసేవాడిని కాదు.

రెండు వేల సంవత్సరం ప్రాంతం. నాందేడ్‌లో వజీరాబాద్ వైపు ఒక కంప్యూటర్ దుకాణంలో పనిచేసేవాడిని. ముందు గదిలో అమ్మకం, రిపేరు. వెనక గదిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్. మా సేటు తాతల కాలంలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాడే. ఆయన ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, హిందీలో ఊపిరి తీసుకుని, మరాఠీలో ముగించేవాడు. నా విజిటింగ్ కార్డు మీద 'హార్డ్‌వేర్ ఇంజనీర్' అని ఉండేది. రెండేళ్ళు టీవీ మెకానిక్ దగ్గర పనిచేసి, ఆరు నెలల కోర్సు చదివిన వాడిని ఇంజనీర్ అనొచ్చా అని అచ్చు వేసినవాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

వెనక గదిలో మిక్సింగ్ చేసే అమ్మాయిది దెగ్లూర్ తాలూకా మర్ఖేల్. సొంత భూమి లేదు. తల్లితో పాటు చిన్నప్పటి నుంచి కలుపుకు పోతూనే మరాఠీ బడిలో పన్నెండు దాకా చదివింది. నాందేడ్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ మా దగ్గర టైపింగ్‌కు చేరింది. ఖాళీ దొరికినప్పుడల్లా మిక్సింగ్ చేసే అతని వెనక నిలబడి చూసి చూసి ఆ పని నేర్చుకుంది. అతను పుణె వెళ్ళిపోయాక సేటు ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ముందే తేల్చి చెప్పాడు.

"మిరుగం దాకా చూస్త బాయీ. గిరాకీలకు టైం మీద మాల్ పోతే కుర్చీ నీదే. లేకుంటె టైపింగ్‌కు వేరే మనిషి అచ్చిండు, మల్ల నీకు ఇక్కడ జాగ లేదు. మర్ఖేల్ బస్సెక్కుడే."

మా దుకాణం భాషలో గిరాకీ అంటే కొనడానికి వచ్చే మనిషి. మిరుగం అంటే మృగశిర కార్తె. వానలు మొదలై చేలల్లో విత్తనాలు పెట్టే రోజులు. ఆ కుర్చీ పోతే ఆమె మళ్ళీ చేలోకే పోవాలి. సేటు గడువు కూడా సరిగ్గా ఆ లెక్కనే పెట్టాడేమోనని నాకు తర్వాత అనిపించింది.

చిక్కంతా పూలతో వచ్చింది. ఆ రోజుల్లో పెళ్ళి కేసెట్ అంటే పెళ్ళికూతురు తామరపువ్వులో నుంచి లేవాలి, పెళ్ళికొడుకు గుండె ఆకారంలో తేలాలి, తలంబ్రాల మీద గులాబీలు రాలాలి. ఇలాంటి ప్రతి తమాషాకు కంప్యూటర్ ఒక్కొక్క బొమ్మనూ కూర్చుకుంటూ లెక్కలు కట్టాలి. మా పాత మిషన్‌కు ఒక్క పెళ్ళి ముగించడానికి రెండు రోజులు పట్టేది. సేటు దృష్టిలో ఆ ఆలస్యం ఆమెది.

"అరే, మిషన్ గదే, రూమ్ గదే. మనిషే మారింది. మరి టైం ఎట్ల పెరిగె?"

"పూలు పెరిగినయి సేటు. ముందటాయన ఒక్కో పాటకు రెండు పూలు ఏస్తుండె. ఇప్పుడు గిరాకి ఇరవై అడుగుతుండు" అందామె.

సేటుకు ఇది జవాబులా వినిపించలేదు. నాకు మాత్రం అవకాశంలా కనిపించింది. హైదరాబాద్ నుంచి ఒక స్నేహితుడు తెచ్చిన కంప్యూటర్ పత్రికలో నేను అప్పుడే ఓవర్‌క్లాకింగ్ గురించి చదివి ఉన్నాను. ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. మా మిషన్‌లో ఉన్నది మూడు వందల మెగాహెర్ట్జ్ చిప్. మదర్‌బోర్డు మీద జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని తీసి పక్క పిన్నుల మీద పెడితే అదే చిప్ మూడు వందల డెబ్బై అయిదుకు, ఇంకో గడి జరిపితే నాలుగు వందల యాభైకి ఎగబాకుతుంది. పైసా ఖర్చు లేదు. వేగంతో పాటు వేడి పెరుగుతుంది, వేడి హద్దు దాటితే చిప్ లెక్కలు తప్పి మిషన్ బిగుసుకుపోతుంది అని కూడా ఆ పత్రికలోనే ఉంది. ఆ పేజీని నేను కొంచెం తొందరగా తిప్పాను.

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె. నీ మిషన్‌ను గుర్రం చేస్త" అన్నాను.

జంపర్ ఒక గడి జరిపి మూడు వందల డెబ్బై అయిదుకు పెట్టాను. మే నెల నాందేడ్ ఎండలో గుర్రం గంటకే చెమటలు పట్టి కూలబడింది. మధ్యాహ్నం ఆ రేకుల గదిలో మనుషులే బిగుసుకుపోయేవాళ్ళు. నా పాత గురువు, పక్క దుకాణం టీవీ మెకానిక్, చిప్‌కూ దాని మీది అల్యూమినియం దిమ్మకూ మధ్య పూసే తెల్లటి పేస్టు ఇచ్చాడు. పలచగా పూయమన్నాడు. నేను రొట్టెకు వెన్న రాసినట్టు రాశాను. అది నాలుగు వైపులా కారి బోర్డు మీద పేరుకుంది. తుడిచి మళ్ళీ రాశాను. వేడి రెండు డిగ్రీలే తగ్గింది.

అప్పుడు నా చూపు గది కిటికీకి ఉన్న గడ్డి కూలర్ మీద పడింది. ఆ ఎండలో దాని ముందు నిలబడితే స్వర్గం. ఆ గాలినంతా నేరుగా కంప్యూటర్ డబ్బాలోకి పంపితే? గొట్టం కావాలి. బజారులో అంత లావు గొట్టం దొరకలేదు. ఇంటికి వెళ్ళి నా పాత ప్యాంటు ఒకటి తెచ్చి ఒక కాలు కత్తిరించాను. వెడల్పుగా ఉన్న తొడ వైపును కూలర్ జాలీకి తాడుతో కట్టి, మడమ వైపును పక్క రేకు విప్పిన డబ్బాలో దూర్చాను. కూలర్ వేయగానే ప్యాంటు కాలు ఉబ్బి గాలిలో తన్నడం మొదలుపెట్టింది. తెర మూలన వేడి చూపించే అంకె అరవై రెండు నుంచి దిగుతూ నలభై నాలుగు దగ్గర ఆగింది.

నా గర్వం మాత్రం ఎక్కడా ఆగలేదు. వచ్చిన ప్రతి గిరాకీనీ వెనక గదికి తీసుకెళ్ళి చూపించేవాడిని. బజారంతా దాన్ని ప్యాంటు తొడుక్కున్న కంప్యూటర్ అనేవాళ్ళు. నన్ను మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. ఏమైతేనేం, రెండు రోజుల పని ఒకటిన్నర రోజులో అయిపోతోంది, సేటు సణుగుడు తగ్గింది. ఆమె ముఖంలో కూడా కాస్త తేట కనిపించింది.

గిరాకీలకు చూపించడానికి ఒక రికార్డు కూడా ఉంటే ఇంకా గొప్పగా ఉంటుందని, గంటకోసారి వేడి ఎంతుందో రాయమని ఆమెకొక నోటుబుక్ ఇచ్చాను. నేను గీసినవి రెండు గడులు, టైము ఒకటి, వేడి ఒకటి. వారం తర్వాత చూస్తే మూడో గడి ఒకటి ఉంది. అందులో మరాఠీలో ఎండ, గాలి, మబ్బు అని రాసి ఉంది.

"ఇదేంది?"

"ఊకెనే రాసిన అన్నా. వెనక తలుపుల నుంచి ఆకాశం కనవడ్తది గద."

మే ఆఖరులో మూడు రోజులు మబ్బు పట్టింది. నాలుగో రోజు ఆమె నోటుబుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, జర చూడుండ్రి. ఎండ కాసిననాడు నలభై నాలుగు. మబ్బున్ననాడు నలభై తొమ్మిది, యాభై."

"ఉల్టా రాసినవేమో. మబ్బు పడితె సల్లగైతది గదా."

"మనకు సల్లగైతదన్నా. మబ్బునాడు బట్టలు ఆరయి గద. కూలర్ గడ్డిల నీళ్ళు మటుకు ఎట్ల ఆరుతయి? ఆరితెనే గద సల్లగాలి అచ్చేది."

పిల్లలూ, కూలర్ పనిచేసే సూత్రమంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. గాలిలో తేమ నిండితే గడ్డిలోని నీరు ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే చల్లదనం పుట్టదు. నేను ఆరు నెలల కోర్సులో నేర్చుకోనిది ఆమె దండెం మీద బట్టలు చూసి కనిపెట్టింది. అప్పుడు నేను అన్న మాట ఇది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బట్టల సంగతి నువ్వు చూస్కో. బోర్డు సంగతి నాకిడువు."

ఆమె నోటుబుక్ తీసుకుని వెళ్ళిపోయింది.

మిరుగం రానే వచ్చింది. ఆ రోజు పొద్దున ఆమె చిన్న పొట్లంలో ఇంగువ, బెల్లం కలిపిన ఉండలు తెచ్చి అందరికీ పెట్టింది. మిరుగం నాడు అది మింగితే వానాకాలం ఒంట్లో వేడి నిలుస్తుందని మా వైపు నమ్మకం. "మిషన్‌కు మాత్రం పెట్టకు" అని నేను పరాచికమాడాను. బయట ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. గాలి లేదు. ఒకటే ఉక్క.

సాయంత్రం నాలుగు గంటలకు ఉమ్రి నుంచి ఒక పత్తి వ్యాపారి రావాలి. కొడుకు పెళ్ళి కేసెట్ తీసుకుని ప్యాసింజర్ బండికి తిరిగి పోవాలి. మర్నాడు వాళ్ళింట్లో సత్యనారాయణ పూజ, చుట్టాలందరికీ కేసెట్ చూపించాలని ఆయన పట్టుదల. ఆమెకు సేటు పెట్టిన గడువులో ఆఖరి పని అదే. మూడొంతులు ముందురోజే పూర్తయింది. మిగిలింది మూడు గంటలకల్లా అయిపోతుందని లెక్క వేసి పొద్దున తొమ్మిదికే మొదలుపెట్టింది. పదకొండుకు నేను లోపలికి వెళ్ళాను.

"ఇయ్యాల మబ్బుంది, ఎండ లేదు చెల్లె. నాలుగు వందల యాభైకి పెడ్తే భోజనం టైంకే అయిపోతది. సేటు కండ్లు తెరుస్తడు."

"వద్దన్నా. ఇట్లనే పోనియ్యుండ్రి. మూడింటికి అయితది. నాకు మూడింటికైతె చాలు."

ఆమెకు చాలు. నాకు చాలలేదు. ఇంతకాలం వేసవి భయంతో జరపని ఆ ఆఖరి గడి నన్ను పిలుస్తూనే ఉంది. పని ఆపించి, స్క్రూడ్రైవర్ తీసి, జంపర్ జరిపి మళ్ళీ మొదలుపెట్టించాను. పూలు నిజంగానే గబగబా రాలాయి. అంకె యాభై రెండు, యాభై అయిదు. ప్యాంటు కాలు నిండా ఉబ్బి ఉంది కానీ దానిలోంచి వచ్చే గాలి తడిబట్టలా ముఖానికి అంటుకుంటోంది. పెరిగిన వేగానికి హద్దు ముందే వచ్చింది, యాభై ఎనిమిది దగ్గర తామరపువ్వులో సగం లేచిన పెళ్ళికూతురు అలాగే ఆగిపోయింది. మౌస్ కదల్లేదు. కీబోర్డు పలకలేదు.

ఆపి మళ్ళీ వేశాను. నీలం తెర మీద, డిస్కును తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ పరిగెత్తి, ఫైళ్ళలో తప్పులున్నాయని ఒకటే లెక్కలు చెప్పింది. అది ముగిసేసరికి ముందురోజు చేసిన మూడొంతుల పని పేర్లు లేని ముక్కలుగా మిగిలింది. ఒక్కటీ తెరుచుకోలేదు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. బయట మిరుగం వాన మొదలైంది.

ఇప్పుడు రాసేది మా ఆవిడకు కూడా చాలా ఏళ్ళ తర్వాత చెప్పిన సంగతి. సేటు అడుగుల చప్పుడు వినగానే నా చెయ్యి డబ్బాలోకి వెళ్ళి జంపర్‌ను పాత చోట పెట్టేసింది. చెయ్యి వెళ్ళింది అంటున్నాను చూడండి, ఇన్నేళ్ళ తర్వాత కూడా నెపం చేతి మీదికే తోస్తున్నాను. పెట్టింది నేనే. ఆమె చూస్తుండగానే పెట్టాను.

నాలుగింటికి వ్యాపారి గొడుగుతో వచ్చాడు. కేసెట్ లేదని తెలిసి మండిపడ్డాడు. చుట్టాల ముందు ఇజ్జత్ పోయిందన్నాడు. సేటు ఆయన ముందే, పక్క దుకాణం మెకానిక్ కూడా వింటుండగా, ఆమె మీద అరిచాడు.

"కాయ్ కేలంస్ బాయీ? ఏం చేసినవిది? కూసొని కలుపు తీస్తున్నవనుకున్నవా? చేన్లకెళ్ళి తెచ్చి కుర్చీల కూసోబెడితె గిట్లనే అయితది. రేపటి నుంచి రాకు."

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది. గిరాకి వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. గిరాకి వెళ్ళాక, సేటు కోపం తగ్గాక చెబుదాం అనుకున్నాను. ఆమె నన్ను ఒక్కసారే చూసింది. టిఫిన్ డబ్బా తీసుకుని వానలోనే వెళ్ళిపోయింది.

నోటుబుక్ బల్ల మీదే ఉంది. ఆ రోజు ఆఖరి వరస చదివాను. 'పదకొండు. యాభై. మబ్బు. వద్దని చెప్పిన.'

నేను సేటుకు మర్నాడు పొద్దున చెప్పాను. జంపర్ జరిపిన సంగతి, వెనక్కి పెట్టిన సంగతి, ఆమె వద్దన్న సంగతి, అన్నీ. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"మరి నిన్న నోట్ల ఏముండెరా? ఇంగువ బెల్లమా?"

ఆయన మళ్ళీ గ్లాసు అందుకుని చాయ్ ముగించాడు.

"పో. పోయి తీస్కరా. గా ఉమ్రి మాల్ మల్ల చేసేటోళ్ళు ఇంకెవలున్నరు" అన్నాడు. ఆయన పశ్చాత్తాపం అంతవరకే.

దెగ్లూర్ బస్సెక్కి, అక్కడ మారి మర్ఖేల్‌లో దిగాను. వాళ్ళ అమ్మ చేను వైపు చెయ్యి చూపించింది. తడిసిన నల్లరేగడిలో ఆడవాళ్ళు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. దుకాణం బూట్లతోనే చేలో దిగాను. నాలుగు అడుగులు వేశాక ఐదో అడుగుకు కాలు వచ్చింది కానీ బూటు రాలేదు. దాని కోసం వంగితే రెండో కాలు మోకాటి దాకా దిగింది.

"ఎవలే గాయన?" అని ఒకావిడ అడిగింది.

"మా దుకాణంల ఇంజనీరు" అని ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"గంత సదివినాయనకు బురదల నడుసుడు రాదానె?"

చేనంతా నవ్వింది. నా కార్డు మీది బిరుదుకు అంతకంటే తగిన చోటు దొరకదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మట్టితో నిలబడి చెప్పాల్సింది చెప్పాను.

"సేటుకు అంత చెప్పిన చెల్లె. తప్పు నాదే అని చెప్పిన. రమ్మంటుండు."

"ఎప్పుడు చెప్పిండ్రు?"

"పొద్దుగాల."

"ఎవలెవలున్నరప్పుడు?"

"సేటు, నేను."

ఆమె చేతిలోని గింజలు నేలలో పెట్టి, మట్టి కప్పి, అప్పుడు నిటారుగా నిలబడింది.

"నన్ను తిట్టినప్పుడు గిరాకి ఉండె, టీవీ మెకానిక్ ఉండె, ముందు రూముల నలుగురుండిరి. మీరు మటుకు సేటు చెవుల చెప్పి అచ్చిండ్రు. అట్ల నడువదన్నా. నేను అస్త. గా కేసెట్ నేనే చేస్త. ఉమ్రి ఆయన తీస్కపోనీకి అచ్చిననాడు ఆయన ముందట చెప్పుండ్రి. చెప్పకుంటె గదే రోజు పోత."

"చెప్త."

"జంపర్ ఎనకకు పెట్టింది సుత."

"...అది సుత చెప్త."

"ఈ సాలు అయిపోనీ" అని మళ్ళీ వంగింది. సాలు ముగిసేదాకా గట్టు మీద కూర్చుని బూట్లో మట్టి తీసుకున్నాను.

మర్నాడు వచ్చి ఆమె చేసిన మొదటి పని ప్యాంటు కాలు విప్పించడం. రెండోది చిప్‌ను మూడు వందలకు దింపించడం. పూలను కూడా తగ్గించింది, ఇరవై ఉన్నచోట ఎనిమిది. నిండా రెండు రోజులు పట్టింది. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

వ్యాపారి వచ్చిన రోజు సేటు, మెకానిక్, ఆమె, అందరూ వెనక గదిలో ఉన్నారు. ఏం చెప్పాలో దారిపొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. తీరా ఆయన ముందు నిలబడేసరికి మొదటి వాక్యమే మరిచిపోయాను. ఉన్న గౌరవమంతా ఈ పూటతో సరి అనుకున్నాను. అయినా మొదలుపెట్టి ఆఖరు దాకా చెప్పాను. ఆమె వద్దన్నదని, నేనే వేగం పెంచి పాడుచేశానని, సేటు రాకముందే జంపర్ వెనక్కి పెట్టి దాచానని, తిట్లు ఆమె తిన్నదని.

ఆయన కేసెట్‌ను సంచిలో పెట్టుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"అయిందేదో అయింది గానీ, పూజనాడు మా ఊళ్ళె పొద్దుందాక కరెంటే లేకుండె. కేసెట్ ఉన్నా ఏం చూస్తుంటిమి?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నిన్ను ఊకెనే తిట్టించిన బిడ్డా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతేనా అనిపించింది. ఈ మనిషి ముందు నోరు విప్పడానికి భయపడా నేను ఒక మనిషి అన్నం తీసేయడానికి సిద్ధపడింది? సేటు గొంతు సవరించుకుని, "బాయీ, రేపటి నుంచి దుకాణం తాళంచెవి నీ తాననే ఉంచుకో" అని ముందు గదిలోకి పోయాడు. క్షమాపణకు ఆయన దగ్గర అంతకంటే పెద్ద మాట లేదు.

ఆమె గడియారం చూసింది. తెర మూలన అంకె చూసింది. వెనక తలుపులోంచి ఆకాశం చూసింది. నోటుబుక్ తెరిచి రాసి, మూయకుండా నా వైపు తిప్పి పెట్టింది.

'నాలుగు. నలభై ఒకటి. మబ్బు. అన్న చెప్పిండు.'